రొదలో పోయిన ‘లే’

సంపాదకుల వారికి నమస్కారం.

రొదను తుడిచేసి మాటను మాత్రమే మిగిల్చే సాఫ్ట్‌వేర్ల గురించి మీ సైన్స్ పేజీలో ఈ మధ్య వచ్చిన వ్యాసం చదివాను. ఆసక్తిగా ఉంది, తేలిగ్గా అర్థమయ్యేలా రాశారు. కానీ ఒక చోట ఆగిపోయాను. ఇక మీదట మైకు ఎక్కడ పెట్టారు, ఎన్ని పెట్టారు అన్నది పెద్ద విషయం కాదని, మిగతాదంతా సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందని అర్థం వచ్చేలా ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం గురించే ఈ ఉత్తరం. కాస్త పొడుగైనా దయచేసి వేయండి.

రికార్డింగులు విని టైపు చేయడం నా ఉద్యోగం. 23 ఏళ్లుగా ఇదే పని. మీటింగులు, విచారణలు, ఇంటర్వ్యూలు, ఏది వస్తే అది. చెవులకు హెడ్‌ఫోన్లు, కాలి కింద పెడల్. పెడల్ నొక్కితే రికార్డు నడుస్తుంది, వదిలితే ఆగి రెండు సెకన్లు వెనక్కి వెళ్తుంది. నా రోజులో సగం ఆ రెండు సెకన్లను మళ్లీ మళ్లీ వినడంతోనే గడుస్తుంది.

ఇన్నేళ్లలో నేను గమనించింది ఒకటుంది. తెలుగు వాక్యానికి ప్రాణం చివర ఉంటుంది. పని జరిగిందా లేదా, చేసింది నేనా నువ్వా వాళ్లా అన్నది అక్కడే తేలుతుంది. వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చారు. ఈ నాలుగు మాటలకూ తేడా చివరి అక్షరం ఒక్కటే. మనిషి గొంతు తగ్గేది కూడా సరిగ్గా అక్కడే. గట్టిగా మొదలుపెట్టిన వాక్యం చివరికి వచ్చేసరికి ఊపిరి అయిపోయి నీరసపడుతుంది. పైగా అచ్చులకు ఉన్నంత బలం హల్లులకు ఉండదు. గదిలో ఫ్యాను, ఏసీ మాత్రం మొదటి నుంచీ చివరిదాకా ఒకే స్థాయిలో మోగుతూ ఉంటాయి. మాట ఆ రొద కంటే కిందికి దిగేది వాక్యం చివర్లోనే. అందుకే మా పనిలో ‘వినబడలేదు’ అని బ్రాకెట్లో రాయాల్సి వచ్చేది ఎక్కువగా క్రియ దగ్గరే. మిగతా వాక్యమంతా చక్కగా ఉంటుంది, అసలు సంగతి మాత్రం ఉండదు.

కొన్నేళ్ల కిందట ఒక ఆఫీసులో జరిగిన అంతర్గత విచారణ రికార్డు నా దగ్గరికి వచ్చింది. ఆఫీసు పేరు చెప్పను. పొడుగాటి టేబుల్, మధ్యలో ఒక ఫోను పెట్టి రికార్డు చేశారు. కిటికీ దగ్గర పాత ఏసీ. చివరి కుర్చీలో కూర్చున్న ఉద్యోగిని మాట్లాడుతోంది. రికార్డు నాకు పంపే ముందే ఎవరో దాన్ని రొద తీసేసే సాఫ్ట్‌వేర్లో పెట్టి ‘శుభ్రం’ చేశారు. నిజంగానే శుభ్రంగా ఉంది, ఏసీ చప్పుడు అసలు లేదు. ఆమె మాట ఇలా వినబడింది: "ఆ సంగతి ముందే నాకు చెప్పాడు."

అలాగే టైపు చేశాను. విచారణ చేసినవాళ్లు విన్నా అదే వినబడింది. ఆ ఒక్క మాటతో, జరగబోయేది ఆమెకు ముందే తెలుసని తేలిపోతుంది. తెలిసీ ఊరుకుందన్న నింద ఆమె మీద పడుతుంది.

రాత్రి నిద్ర పట్టలేదు. ఆ మాట తర్వాత ఆమె గొంతు తీరు వేరుగా ఉంది. ముందే తెలిసిన మనిషి అలా మాట్లాడదు. మర్నాడు అసలు రికార్డు ఇమ్మని అడిగాను. అందులో ఏసీ రొద తప్ప ఏమీ తెలియలేదు. అదృష్టం కొద్దీ టేబుల్‌కు ఆ చివర కూర్చున్న ఇంకొకాయన కూడా తన ఫోన్లో రికార్డు చేసుకున్నారని తెలిసింది. అదీ తెప్పించుకుని, రెండూ మా దగ్గర సౌండ్ పని చూసే అబ్బాయికి ఇచ్చాను.

"అక్కా, రెండు మైకులు ఉన్నాయంటే దిక్కు ఉన్నట్టే. ఒక్క మైకుకు దిక్కు తెలియదు" అన్నాడు. ఆ రోజు వాడు ఓపిగ్గా విడమరిచి చెప్పిందీ, ఆ తర్వాత నేను పుస్తకాలు తిరగేసి నేర్చుకున్నదీ కలిపి ఇక్కడ చెబుతున్నాను. మీ వ్యాసంలో లేనిది ఇదే.

ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. పది సెంటీమీటర్ల ఎడంలో రెండు మైకులు పెడితే, పక్క నుంచి వచ్చే ధ్వని మొదటి మైకును తాకాక రెండోదాన్ని చేరడానికి 0.29 మిల్లీసెకన్లు పడుతుంది. ఎదురుగా నుంచి వచ్చేదైతే రెండింటినీ ఒకేసారి తాకుతుంది. ధ్వని ఏ దిక్కు నుంచి వచ్చిందో ఆ తేడాను బట్టి తెలుస్తుంది. మన రెండు చెవులూ ఇలాగే పని చేస్తాయి. చెవుల మధ్య ఎడం తక్కువ కాబట్టి ఈ తేడా ఎంత ఎక్కువైనా 0.6, 0.7 మిల్లీసెకన్లు దాటదు. అంత చిన్న తేడాతోనే వెనక నుంచి పిలిచిన మనిషి కుడివైపున్నాడో ఎడమవైపున్నాడో మనకు తెలిసిపోతుంది. జనం మధ్య ఒక గొంతును పట్టుకోవడంలోనూ రెండు చెవుల సాయం ఉంది. ఒకేసారి ఇద్దరు మాట్లాడుతుంటే ఒకరి మాట ఎలా పట్టుకుంటామని కోలిన్ చెర్రీ 1953లోనే ప్రయోగాలు చేసి రాశారు. ఈ రంగంలో ఉన్నవాళ్లు ఇప్పటికీ దాన్ని కాక్‌టెయిల్ పార్టీ సమస్య అనే అంటారు.

ఇప్పుడు రెండుకు బదులు మైకుల వరుసే ఉందనుకోండి. మనకు కావలసిన మనిషి గొంతు ఒక్కో మైకుకు ఒక్కో క్షణంలో చేరుతుంది. ముందు చేరినదాన్ని కాస్త ఆపి, వెనక చేరినదాంతో కలిపి, అన్నింటినీ ఒకే క్షణానికి తెచ్చి కూడితే ఆ గొంతు పెరుగుతుంది. హైలెస్సా అంటూ అందరూ ఒకే ఊపులో తాడు లాగినట్టు. వేరే దిక్కుల నుంచి వచ్చిన రొద మాత్రం ఆ ఊపుకు కలవదు. ఒకచోట ముందుకు, ఒకచోట వెనక్కు లాగి తనలో తానే కొంత రద్దయిపోతుంది. దీన్నే బీమ్‌ఫార్మింగ్ అంటారు. మైకులను కదపకుండా, ఉత్త లెక్కలతో చెవిని ఒక దిక్కుకు తిప్పడం.

లాభం ఎంత? ఒక్కో మైకులో పడే రొదకూ ఇంకో మైకులో పడే రొదకూ సంబంధం లేనప్పుడు, రెండు మైకులతో రొద మీద మాట 3 డెసిబెల్స్ పైకి లేస్తుంది. నాలుగైతే 6, ఎనిమిదైతే 9. మైకులు రెట్టింపు చేసిన ప్రతిసారీ వచ్చేది 3 డెసిబెల్సే. వినడానికి తక్కువనిపిస్తుంది. కానీ వాక్యం చివరి అక్షరం మునిగేదీ తేలేదీ ఆ మూడు డెసిబెల్స్ దగ్గరే. ఈ మాట నా చెవులతో విని చెబుతున్నాను.

మా రికార్డుల సంగతికి వస్తాను. రెండు ఫోన్లకూ లోపలి గడియారాలు వేరు. ఒకటి ఇంకోదాని కంటే పది లక్షల్లో ఇరవై వంతులు వేగంగా నడిచినా నిమిషానికి 1.2 మిల్లీసెకన్ల తేడా వస్తుంది. ఈ పనిలో అది చాలా ఎక్కువ. అందుకని ఆ అబ్బాయి రికార్డంతా ముట్టుకోలేదు. ఎవరో టేబుల్ మీద ఫైలు పడేసిన చప్పుడు రెండింట్లోనూ ఉంది. దాన్ని పట్టుకుని రెండూ దగ్గరికి తెచ్చాడు. తర్వాత మాకు కావలసిన నాలుగైదు సెకన్ల వరకే తీసుకుని, ఆమె గొంతు రెండింట్లోనూ ఒకే క్షణంలో పడేలా జరిపాడు. ఏసీ ఉన్నది ఇంకో దిక్కున కాబట్టి దాని చప్పుడుకు కుదిరే తేడా వేరు. ఆ తేడాతో జరిపి ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసేస్తే ఏసీ కొంత తగ్గింది.

అద్భుతమేమీ జరగలేదు. రొద ఉంది, గొంతు గరగరలాడుతోంది. కానీ అందులో నాలుగు అక్షరాలు విడివిడిగా వినబడ్డాయి. చెప్పలేదు. "ఆ సంగతి ముందే నాకు చెప్పలేదు."

‘చెప్పాడు’కు మూడు అక్షరాలు, ‘చెప్పలేదు’కు నాలుగు. ఆమె గొంతు తగ్గిన చోట ‘లే’ను సాఫ్ట్‌వేర్ రొద అనుకుని కొట్టేసింది. మిగిలిన గండిని మా మెదళ్లు పూడ్చాయి. ఇది మా ఒక్కళ్ల పొరపాటు కాదు, మనిషి వినికిడి తీరే అంత. రికార్డు చేసిన వాక్యంలో ఒక శబ్దాన్ని తీసేసి ఆ చోట దగ్గు పెడితే, విన్నవాళ్లకు ఆ శబ్దం లేదని తెలియదని రిచర్డ్ వారెన్ 1970లో చూపించారు. లేని శబ్దం వాళ్లకు ఉన్నట్టే వినబడింది. అందుకే నా చెవిని కూడా నేను నమ్మలేదు. సంగతేమిటో చెప్పకుండా ఇంకో టైపిస్టుకు ఆ నాలుగు సెకన్లు ఇచ్చాను. ఆవిడా ‘చెప్పలేదు’ అనే టైపు చేసింది. తర్వాత ఆ ఉద్యోగినిని మళ్లీ పిలిచి అడిగారు. "చెప్పలేదనే కదండీ అన్నాను" అంది.

మీ వ్యాసం చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ ‘లే’.

ఒక్క మైకు రికార్డు నుంచి రొద తీసే సాఫ్ట్‌వేర్ ఏది మాట, ఏది రొద అని ఊహిస్తుంది. ఊహ సరిపోయిన చోట హాయిగా వినబడుతుంది. తప్పిన చోట అక్షరం పోతుంది, పోయిన జాడ కూడా మిగలదు. హాయిగా వినబడడం వేరు, మాట సరిగ్గా అర్థం కావడం వేరు. పాత పద్ధతి రొద తగ్గింపులు చెవికి శ్రమ తగ్గించాయే కానీ, మాటలు గుర్తుపట్టడంలో పెద్దగా సాయం చేయలేదని పరిశోధకులు ఏనాడో గమనించారు. మైకుల వరుస దారి వేరు. అందులో జరిగేది కొంచెం ఆపడం, కొంచెం తగ్గించడం, కూడడం. ఏ మైకులోనూ పడని అక్షరాన్ని అది పుట్టించలేదు.

అలాగని అది తప్పు చేయదని అనను. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

జాక్ కేపన్ 1969లో ఒక పద్ధతి ప్రకటించారు. ఆయన చూస్తున్నది మాటల సంగతి కాదు. భూకంపాలను, భూమి లోపల జరిగే అణు పరీక్షలను పసిగట్టడానికి నేల మీద పరిచిన సెన్సర్ల వరుస కోసం అది. కావలసిన దిక్కు నుంచి వచ్చేదాన్ని ముట్టుకోవద్దు, మిగతాదంతా వీలైనంత తగ్గించు అన్నది దాని సారం. ఈ రోజు మైకుల్లో ఎంవీడీఆర్ అనే పేరుతో నడుస్తున్నది దాదాపు అదే. రొద ఎటు నుంచి వస్తుందో తనే కనిపెట్టి ఆ దిక్కును మూసేస్తుంది. బాగా పని చేస్తుంది. కానీ మాట్లాడే మనిషి ఎటు ఉన్నారో దానికి తప్పు చెబితే? ఆ మనిషి గొంతునే రొద అనుకుని మూసేస్తుంది. దిక్కు సరిగ్గా చెప్పినా ఒక్కోసారి చిక్కే. ఆ మనిషి మాట నునుపైన గోడకు కొట్టుకుని ఇంకో దిక్కు నుంచి తిరిగి వస్తుంది. ఆ ప్రతిధ్వనిని అణచబోయి అసలు మాటను కూడా కొంత తినేస్తుంది. రికార్డుల్లో అలాంటి చోట్లు నేను విన్నాను. మనిషి నీళ్లలోంచి మాట్లాడినట్టు ఉంటుంది.

లావు చప్పుళ్ల దగ్గర, అంటే కింది ఫ్రీక్వెన్సీల దగ్గర, ఇంకో ఇబ్బంది. 200 హెర్ట్జ్ ధ్వనికి తరంగం పొడవు సుమారు 1.7 మీటర్లు. పది సెంటీమీటర్ల వరుసకు అది ఎటు నుంచి వచ్చినా ఒకేలా కనిపిస్తుంది. కాబట్టి ఏసీ గుయ్యిమనే చప్పుడును చిన్న పరికరం పెద్దగా తగ్గించలేదు. హల్లుల బలం చాలావరకు ఉండేది పై ఫ్రీక్వెన్సీల్లో కాబట్టి అక్కడ సాయపడుతుంది. అలాగని మైకులను బాగా ఎడంగా పెట్టేసినా కుదరదు. 4000 హెర్ట్జ్ దగ్గర తరంగం 8.6 సెంటీమీటర్లే. మైకుల మధ్య ఎడం అందులో సగం దాటితే రెండు వేర్వేరు దిక్కులు ఒకేలా కనిపించి గందరగోళం మొదలవుతుంది. అందుకే మంచి పరికరాల్లో మైకులు కొన్ని దగ్గరగా, కొన్ని దూరంగా ఉంటాయి. ఒకే దిక్కులో ఒకరి వెనక ఒకరు కూర్చుని ఇద్దరూ మాట్లాడితే మాత్రం వరుస దాదాపు చేతులెత్తేస్తుంది.

కొత్త తరం సాఫ్ట్‌వేర్ నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది. మీ వ్యాసంలో అది రాలేదని బాధ కలిగింది. 2015లో చైమ్ అనే పోటీ మూడోసారి జరిగింది. ఒక ట్యాబ్లెట్‌కు ఆరు మైకులు బిగించి, బస్సులో, కేఫ్‌లో, జనం నడిచే చోట, ట్రాఫిక్ పక్కన మాట్లాడించి ఆ మాటలు యంత్రంతో గుర్తుపట్టించారు. ఆ రోజుల్లోనే బాగా నిలబడిన దారి ఒకటుంది. ఏ క్షణంలో, ఏ ఫ్రీక్వెన్సీలో మాట ఉంది, ఎక్కడ రొద ఉంది అని గుర్తించే వరకే న్యూరల్ నెట్‌వర్క్ (ఉదాహరణలు చూసి నేర్చుకునే సాఫ్ట్‌వేర్) పని. ఆ గుర్తుల ఆధారంగా బీమ్‌ఫార్మర్ తన లెక్కలు వేసుకుని, మైకుల్లో పడ్డదాన్నే కూడుతుంది. తెలివైన సాఫ్ట్‌వేర్‌ను ఎటు వినాలో చెప్పడానికి వాడారు, ఏం అన్నారో రాసిపెట్టడానికి కాదు. నేను అడిగేదీ ఇదే తేడా. మనిషి బతుకు ఒక మాట మీద ఆధారపడ్డ చోట ఈ తేడా పాటించాలి.

మా అక్క సంగతి కూడా చెప్పాలి. తను రెండు చెవులకూ వినికిడి యంత్రాలు పెట్టుకుంటుంది. చెవి వెనక పెట్టుకునే ఆ చిన్న దానిలోనే సుమారు సెంటీమీటరు ఎడంలో రెండు మైకులు ఉంటాయి. వాటి మధ్య తేడా సెకనులో లక్షకు మూడు వంతులు. దాంతోనే ఎదురుగా ఉన్న మనిషి మాటను పైకి తెచ్చి వెనక రొదను తగ్గిస్తుంది. అది పెట్టుకున్నాక గోల మధ్యలో కూడా అక్క నా మాట పట్టుకుంటోంది, సంతోషం. కానీ వెనక నుంచి మనవరాలు పిలిస్తే వినబడడం లేదు. మొదట్లో పాప అలిగింది. ఆ యంత్రం తయారు చేసినవాళ్ల తప్పేమీ లేదు. ముందున్నది మాట, వెనకున్నది రొద అని అది అనుకుంటుంది. మనవరాలు వెనక ఉంది, అంతే. ఆ సంగతి అక్కకు ఎవరూ ముందే చెప్పలేదు. చెప్పి ఉంటే రొద లేని చోట ఆ సెట్టింగ్ మార్చుకునేది. ప్రపంచంలో 150 కోట్ల మందికి ఎంతో కొంత వినికిడి లోపం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదికలో రాసింది. ఇలాంటి ఒక్క మాట చెప్పే మనిషి లేకపోతే ఎంత మంది మనవరాళ్లు అలుగుతారో.

ఇక రికార్డు చేసేవాళ్లకు, చేయించేవాళ్లకు నా విన్నపం. మైకును నోటికి దగ్గరగా పెట్టండి. దూరం సగానికి తగ్గిస్తే నేరుగా వచ్చే మాట 6 డెసిబెల్స్ పెరుగుతుంది. నాలుగు మైకుల వరుస తన బలమంతా చూపిస్తే వచ్చే లాభమే, ఒక మైకును ముందుకు జరిపితే వస్తుంది. అందరి ముందూ మైకు పెట్టడం కుదరని చోట వరుసకు వెళ్లండి. రికార్డు అయ్యేంత సేపు ఏసీ ఆపగలిగితే ఆపేయండి, దాన్ని మించిన ఫిల్టర్ లేదు.

అన్నిటికంటే ముఖ్యం, వరుస వాడినప్పుడు కలిపేసిన ఒక్క రికార్డునే దాచి మిగతావి చెరిపేయకండి. ప్రతి మైకులో పడ్డదాన్నీ విడిగా, ఏ శుభ్రమూ చేయకుండా దాచండి. సెకనుకు 16,000 నమూనాలు, ఒక్కోదానికి 16 బిట్లు లెక్క వేసుకుంటే ఒక మైకుకు గంటకు 115 మెగాబైట్లు అవుతుంది. ఎనిమిది మైకులు కలిపినా గంటకు ఒక గిగాబైటు నిండదు. ఈ రోజుల్లో ఫోన్లో తీసే వీడియోలే అంతకంటే ఎక్కువ చోటు తింటాయి. విడి రికార్డులు ఉంటే రేపు అనుమానం వచ్చినప్పుడు చెవిని ఇంకో దిక్కుకు తిప్పి మళ్లీ వినవచ్చు. కలిపేసినదాంట్లో అది కుదరదు. మేము టైపు చేసిన కాగితం మీద కూడా, ఇది అసలు రికార్డు విని రాసిందా, శుభ్రం చేసిన కాపీ విని రాసిందా అని పైన ఒక వాక్యం ఉండాలి. ఆ విచారణ తర్వాత నేను టైపు చేసే ప్రతి కాగితం మీదా అది రాస్తున్నాను. మొదట్లో కొందరు విసుక్కున్నారు, ఇప్పుడు ఎవరూ ఏమీ అనడం లేదు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, న్యాయమైనదే. తర్వాత ఏ దిక్కుకైనా తిప్పి వినగలమంటే, మూలన కూర్చుని ఇద్దరు గుసగుసగా చెప్పుకున్న సొంత సంగతి కూడా వినగలమని అర్థం. మా సౌండ్ అబ్బాయి ఒకసారి చూపించాడు, నాకు భయం వేసింది. కాబట్టి గదిలోకి వచ్చినవాళ్లకు ముందే చెప్పాలి, ఇక్కడ ఇన్ని మైకులున్నాయి, విడివిడిగా దాస్తాం, ఇన్నాళ్లకు చెరిపేస్తాం అని. ఆ రికార్డుల తాళం ఒక్కరి చేతిలో ఉండకూడదు. అంత జాగ్రత్త పడలేని చోట వరుస పెట్టకపోవడమే మేలు, మనిషికో మైకు పెట్టి బటన్ నొక్కి మాట్లాడమనండి.

ఆ ఉద్యోగిని ఇప్పటికీ అదే ఆఫీసులో పని చేస్తోంది. అక్కడి మీటింగ్ గదిలో ఇప్పుడు టేబుల్ పొడవునా మైకులు ఉన్నాయని, పాత ఏసీ మాత్రం అలాగే ఉందని చెప్పింది. విడి రికార్డులు దాస్తున్నారా అని అడిగాను. కనుక్కుని చెబుతానంది.

ఇట్లు,
రికార్డింగులు విని టైపు చేసే ఒక పాఠకురాలు